ఓవెన్ బాగయ్యేలోగా

"బుక్ చేసుకున్నారా?" అన్నాడు 'తెల్ల జింక' పబ్బులో గడ్డపాయన, గ్లాసు తుడవడం ఆపకుండానే.

"లేదండీ. ఇద్దరమే. ఏ మూలనైనా సర్దుకుంటాం," అన్నాడు క్లైవ్.

"ఆదివారం మధ్యాహ్నం, ఊరంతా రోస్టు తినే వేళకి, బుక్ చేసుకోకుండా వచ్చారా?"

చెప్పుల్లేకుండా పెళ్ళికొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. క్లైవ్ అతనికి సారీ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో పడుకున్న కుక్క తోక తొక్కబోయి దానికీ చెప్పాడు. బయట కారులో అతని భార్య మ్యూరియల్ పేపర్లో గళ్ళనుడికట్టు నింపుకుంటోంది.

"లేదన్నారా?"

"లేదన్నారు."

"పోనీ ఇంటికెళ్ళిపోదాం. టోస్టు మీద ఇన్ని బీన్స్ వేసుకు తింటే సరి."

"వద్దొద్దు!" అన్నాడు క్లైవ్, కాస్త గట్టిగానే. "ఇంకా ఒకటిన్నరేగా. కొండ దిగితే 'నాగలి' పబ్బు ఉంది."

క్లైవ్‌కి ఉన్నది ఈ ఒక్క ఆదివారమే. ఇంట్లో ఓవెన్ శుక్రవారం చచ్చింది. మంగళవారం మెకానిక్ వస్తాడు, బాగుచేస్తాడు. వచ్చే ఆదివారం మ్యూరియల్ మళ్ళీ బీఫ్ రోస్టు చేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా చేస్తూనే ఉంది. పైన బొగ్గు, లోపల తోలు. బంగాళాదుంపలైతే విసిరితే గోడకే దెబ్బ. "ఎలా ఉంది?" అని ఆమె అడుగుతుంది, "అద్భుతం" అని అతనంటాడు. మా వైపు మనిషి తన కాలు ఇంకెవరైనా తొక్కినా తనే సారీ చెబుతాడు. అలాంటివాడు భార్య ముఖం మీద వంట బాగాలేదని ఎలా అంటాడు? ఇవాళ ఒక మంచి పబ్బు దొరికి, అది ఆమెకూ నచ్చి, మెల్లగా అలవాటైపోతే, ఎవరి మనసూ నొప్పించకుండా గండం గట్టెక్కుతుంది. లేదంటే బతికున్నన్నాళ్ళూ బొగ్గే.

'నాగలి'లో చోటు దొరికింది. ఆ వేళప్పుడు చోటు దొరికిందంటేనే అనుమానించాల్సింది. వాళ్ళు కూర్చుంటుండగా పక్క బల్లకు ఒక ప్లేటు వెళ్ళింది. మ్యూరియల్ దానివంక ఒక్క చూపు చూసింది.

"గ్రేవీ డబ్బా పొడితో కలిపిందే," అంది గొంతు తగ్గించి. "మాంసం పొద్దున్నే కోసి వేడి దీపం కింద పెట్టారు. అంచులు చూడు, ఎలా ముడుచుకుపోయాయో."

క్లైవ్ ఆమెను వింతగా చూశాడు. ఇలాంటి తేడాలు మ్యూరియల్‌కు తెలుస్తాయని అతను కలలో కూడా అనుకోలేదు. కూర్చున్నాక ఊరికే లేచి పోవడం మర్యాద కాదు గనుక ఆమె అరగ్లాసు బీరు, బండి నడపాలి గనుక అతను నిమ్మసోడా తాగారు. "చాలా బాగుంది" అని చెప్పి బయటపడేసరికి రెండయింది.

మూడో పబ్బుకు దారి సన్నటి సందు. అటూ ఇటూ ముళ్ళ కంచె, ముందు ట్రాక్టరు. ఆ ట్రాక్టరు వెనక కారు నత్తనడకన పాకింది.

"హారన్ కొట్టొచ్చుగా," అంది మ్యూరియల్.

"పాపం, ఏ పని మీదున్నాడో."

"నువ్వింతే," అంది ఆమె, నుడికట్టులోంచి తలెత్తకుండా.

'మూడు బాతులు' చేరేసరికి రెండూ నలభై. యజమానురాలు వంటగది తలుపు దగ్గర ఏప్రన్ విప్పుతోంది.

"రెండున్నరకే వంట ఆపేశాం, బంగారం. రేపు రండి. సూప్ ఉంటుంది."

"ఫర్వాలేదండీ" అనడం క్లైవ్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. మొట్టమొదటిసారి ఆ మాట గొంతు దాటి రాలేదు.

"దయచేసి," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "దయచేసి."

ఆవిడ అతని ముఖంలోకి పరకాయించి చూసింది. "ఎవరైనా పోయారా, నాయనా?"

"ఇంకా ఎవరూ పోలేదండీ."

"కూర్చోండి. రెండు ప్లేట్లకు వస్తుందేమో చూస్తా."

వచ్చింది. మాడకుండా, మధ్యలో లేత ఎర్రదనం నిలిచిన మెత్తటి బీఫ్ ముక్కలు. పైన కరకరలాడుతూ లోపల వెన్నలా ఉన్న బంగాళాదుంపలు. పిడికిలంత పొంగి గిన్నెలా గుంటపడ్డ యార్క్‌షైర్ పుడ్డింగు రొట్టె, దాని నిండా గ్రేవీ. క్లైవ్ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏమైంది?" అంది మ్యూరియల్.

"ఆవముద్ద. ఘాటెక్కింది."

"నువ్వు ఆవముద్ద వేసుకోలేదుగా."

క్లైవ్ వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మ్యూరియల్ కూడా తింది. ఆఖరి దుంపముక్కతో గ్రేవీ అంతా తుడుచుకుని మరీ తింది. యజమానురాలు వచ్చి, "ఎలా ఉంది?" అనడిగితే ఇద్దరూ ఒకేసారి "అద్భుతం" అన్నారు. ఆ మాట నిజంగా అనడం క్లైవ్‌కు కొత్తగా ఉంది.

ఆ ఊపులోనే ధైర్యం తెచ్చుకున్నాడు.

"మ్యూరియల్, నీ వంటకు వంక పెడుతున్నానని అనుకోకు. నీ రోస్టు ముందు ఇదెంతలే. ఆదివారం పూట నువ్వు మాత్రం ఎన్నాళ్ళని పొయ్యి దగ్గర మాడతావు? ఇకమీదట... వారం వారం... ఇక్కడికే వచ్చేస్తే?"

మ్యూరియల్ ఫోర్కు ప్లేటులో పెట్టింది. ఆమె కళ్ళు చెమర్చాయి. నొప్పించేశాననుకున్నాడు క్లైవ్. సారీ చెప్పడానికి నోరు తెరిచాడు.

"అమ్మయ్య!" అంది మ్యూరియల్. "పెళ్ళయిన మొదటి ఆదివారం నుంచీ కావాలనే మాడుస్తున్నాను క్లైవ్, రెండో ఆదివారానికే ఈ మాట అంటావనుకుని."