అర్హురాలు

"పెళ్లి సర్టిఫికెట్ జిరాక్స్ పెట్టలేదే?" అంది చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి.

బల్ల అవతల నిలబడ్డ పిల్లకి నెలలు నిండాయి. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో బట్టల సంచీ. కూర్చోమని ఎవరూ అనలేదు.

"పెళ్లయ్యుంటే ఇక్కడిదాకా ఎందుకొస్తానమ్మగారూ? కడుపని చెప్పిన రోజే అతను ఫోన్ నంబర్ మార్చేశాడు. నిన్న ఇంటివాళ్లు గది ఖాళీ చెయ్యమన్నారు. పురుడయ్యేదాకా ఉండనిస్తే చాలు."

"ఉండనివ్వడానికే కదమ్మా పక్కన తల్లుల గది కట్టింది. బయట బోర్డు చూశావుగా, 'దిక్కులేని తల్లులకు ప్రభువు నీడ' అని. అయితే దిక్కు లేకపోవడానికీ ఓ పద్ధతుంటుంది. పెళ్లి సర్టిఫికెట్, బాప్తిస్మం సర్టిఫికెట్, మీ పాస్టరుగారి ఉత్తరం. ఈ మూడూ తెచ్చావంటే ఈ క్షణమే మంచం నీది."

పక్కన పసిబట్టలు మడతపెడుతున్న పాస్టరుగారి భార్య ఉండబట్టలేకపోయింది. "అక్కా, ఆ లెక్కన మరియమ్మ వచ్చి తలుపు తట్టినా మనం తిప్పి పంపాల్సిందే."

"ఆవిడ వెంట యోసేపు ఉన్నాడమ్మగారూ. ఈ పిల్ల వెంట ఎవరున్నారు?"

బైబిలు వాక్యంలో ప్రెసిడెంటమ్మని గెలిచినవాళ్లు ఆ సంఘంలో ఇంతవరకూ లేరు. పాస్టరమ్మ ఇంకో పసిచొక్కా మడతకి అందుకుంది.

"చూడమ్మా, నీ మంచికే చెప్తున్నాను," అంది ప్రెసిడెంటమ్మ, బల్ల చివర రిజిస్టరు ముందు కూర్చున్న తన కూతురివైపు చెయ్యి చూపిస్తూ. "మా అమ్మాయికీ నీ వయసే. ఇంకా పెళ్లి కాలేదు. పాటల బృందం, సండే స్కూలు, ఇల్లు, అంతే. ఒంటికి అతుక్కునే బట్ట వెయ్యదు. ఎవరూ వెయ్యొద్దని చెప్పలేదు, తనకే తెలుసు. పెంపకం అలా ఉండాలి. రాయవే."

"కారణం ఏమని రాయను?"

"అనర్హురాలు అని. ఇంతకుముందు తొమ్మిదిమందికీ అదేగా రాశావు?"

కూతురు కలం కదపలేదు. "అమ్మా, పోనీ ఈ ఒక్కసారికీ..."

"పాపం ఎప్పుడూ ఒక్కసారికే అంటూ మొదలవుతుంది."

కూతురు తల వంచుకుని రాసింది. పాస్టరమ్మ మడత పెడుతున్న బట్టలు బల్ల మీద వదిలేసి, ఆ పిల్ల చేతిలో సంచీ అందుకుని, "మా ఇంటికి పద తల్లీ," అని బయటికి నడిపించుకుపోయింది.

ప్రెసిడెంటమ్మ మెటికలు విరుచుకుని తల్లుల గదిలోకి వెళ్లింది. మధ్యాహ్నం బిషప్‌గారు చూడటానికొస్తున్నారు. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. ఉయ్యాలకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. ఎవరైనా వాడుంటే ఇంత శుభ్రంగా ఉండేదా అనుకుని తృప్తిపడింది.

రెండు గంటలు గడిచాయో లేదో, ఫోన్ మోగింది. బిషప్‌గారి డ్రైవరు.

"బయలుదేరామమ్మా, పదిహేను నిమిషాల్లో ఉంటాం. గదిలో ఉన్న తల్లి మంచం దగ్గరే ప్రార్థన చేస్తామంటున్నారు. మీరు పంపిన రిపోర్టు చదివించుకుని మురిసిపోయారు."

'మంచం ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు' అని ఆ రిపోర్టులో రాసింది ప్రెసిడెంటమ్మే. వెంటనే పాస్టరమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మగారూ, ఆ పిల్లని ఒక్క గంట ఇటు పంపండి."

"నొప్పులొచ్చేశాయక్కా. ఆస్పత్రిలో ఉన్నాం. ఇక్కడ ఏ సర్టిఫికెట్టూ అడగలేదు, తిన్నగా లోపలికి తీసుకెళ్లారు," అని పెట్టేసింది పాస్టరమ్మ.

ప్రెసిడెంటమ్మ వరండాలో దండలు పట్టుకుని నిలబడ్డ సంఘం ఆడవాళ్లని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. అందరిలోకీ చిన్నావిడకి మనవలు కాలేజీలో ఉన్నారు. చివరికి చూపు రిజిస్టరు దగ్గర ఆగింది. కూతుర్ని చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చి తలుపు వేసింది.

"నువ్వు పడుకో."

"నేనా?"

"ఐదు నిమిషాలు. గోడవైపు తిరిగి పడుకో. ఆయనకి కళ్లల్లో శుక్లాలు, ముఖాలు ఆనవు. మాట్లాడక్కర్లేదు, మూలిగితే చాలు."

"అబద్ధం కదమ్మా?"

"సండే స్కూలు క్రిస్మస్ నాటకంలో తొట్టిలో బాలయేసని బొమ్మని పెట్టి మోకాళ్లూనట్లేదూ? అది అబద్ధమా? పరిచర్య కోసం చేసేది ఏదీ అబద్ధం కాదు. నీలాంటి పిల్ల ఆ మంచం మీద పడుకుంటే మంచానికే గౌరవం."

బయట కారు ఆగింది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ప్రెసిడెంటమ్మ తలగడ దిండు లాగి, అల్మరాలోంచి ఓ తువ్వాలు తీసింది.

"ఆ చున్నీ తీసెయ్. దీన్ని పొట్టకి కట్టేస్తాను, కదలకుండా ఉంటుంది."

కూతురు చున్నీ తీసి మంచం మీద పెట్టింది. వదులు కమీజుని రెండు పక్కలా వెనక్కి బిగించి పట్టుకుని, తల్లి ఎదురుగా నిలబడింది.

"దిండు అక్కర్లేదమ్మా."