జోడు కాగితం

"ఈ ఒక్కటీ వదిలెయ్యి నాన్నా," అంది కూతురు, కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టి.

కత్తెరాయన ఆగాడు. ఊదారంగు కలపమని కూతురి రంగుగదికి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు అది. ఇవాళ కలిపితేనే కలిపినట్టు, పొద్దెక్కితే ఇక ఆ గదికి పనే ఉండదు. తొట్టి కడిగి పెట్టుకుని గుమ్మంలో కాచుక్కూర్చున్న పిల్లను చూస్తే ఆయన గుండె చెరువైపోయింది. కానీ ఏం చేస్తాడు పాపం? అక్కడి రూలు అలాంటిది.

నడిమి గదిలో ఉండే పెద్దాయన గడప దాటడు. ఆర్డరు రాసున్న అసలు కాగితాన్ని బయటికి పంపడు, దాని నకలే పంపుతాడు. ఆ నకలు ఎప్పుడూ ఒంటిగానే రావాలి. రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని వచ్చాయంటే బయటి దొంగల పనేనని అందరి నమ్మకం. ఈ పొద్దున అలాంటి జోడు కాగితం ఒకటి తగలడింది. కత్తెరాయన అక్క, ముక్కలు చెయ్యడమే ఉద్యోగమైన మనిషి, దాన్ని చిన్నచిన్న తునకలు చేసి ఒకటి తమ్ముడి చేతిలో పెట్టి పోయింది. ఇక దానికి అతికే కాగితం ఏది కనబడినా ఆయన కత్తిరించి తీరాలి. ఆ మాయదారి తునక కాస్తా కూతురి ఆర్డరుకే అతికింది.

"ఇది పెద్దాయన పంపిందే నాన్నా. చదివి చూడు."

"నాకు చదవడం రాదమ్మా. అతికితే కత్తిరించడమే వచ్చు."

"పోనీ, అత్తకి వచ్చా?"

"నీకు తప్ప ఇక్కడ ఎవరికీ రాదు. అందుకే ఇన్నాళ్ళూ గొడవల్లేకుండా నడుస్తోంది."

కూతురు బతిమాలింది, అలిగింది, ఉక్రోషం పట్టలేక తొట్టిని ఒక్క తన్ను తన్నింది. తండ్రి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిలో కత్తెర ఉంది. దిగేటప్పుడు అది తన పని చేసుకునే దిగింది.

వెనకాలే ఇంకో నకలు వచ్చింది. ఆ వెనక మరొకటి. ఇక్కడి సంగతి తెలియని పెద్దాయన పంపుతూనే ఉన్నాడు, కత్తెరాయన ఏడుస్తూనే కత్తిరిస్తున్నాడు. ఆఖరికి కూతురు ఖాళీ తొట్టి పక్కన చతికిలబడింది. గోడల మీదికి ఎండ పాకింది.

ఊదా ఇంకా చిక్కబడాలని మొక్కకు అదనపు జన్యువు ఎక్కించి, తెలియకుండానే ఆ జోడు కాగితాన్ని పుట్టించిన శాస్త్రవేత్త ఎదుట, ఆ గదులన్నీ తన రేకుల కణాల్లో దాచుకున్న మొగ్గ తెల్లగా విచ్చుకుంది.