బుజ్జి టీచర్

“ఎన్నిసార్లు చెప్పాలి? నీ తలకాయలో ఉన్నది మెదడా, మట్టా? నీకు చెప్పేకంటే ఆ గోడకి చెప్పుకోవడం నయం!”

ఆ మాటలన్నది ఆరేళ్ళ పిల్ల. కుర్చీ మీద నిలబడి, స్కేలు ఆడిస్తూ మరీ అంది. కూడిక తప్పు చేసిన బొద్దుగాడు బోర్డు దగ్గరే భోరుమన్నాడు.

ఆ తరగతిలో వారానికొకరు బుజ్జి టీచర్. వచ్చిన పాఠాన్ని రోజూ కాసేపు తోటిపిల్లలకు చెప్పాలి. పిల్లలు ఒకరి దగ్గర ఒకరు బాగా నేర్చుకుంటారని ఆ పద్ధతి పెట్టింది టీచరే. ఈ వారం వంతు కుర్చీ ఎక్కిన ఆ పిచ్చుకది. బడిలో చేరినప్పుడు నోరు పెగలని ఆ పిల్లను గలగలా మాట్లాడేలా చేసింది తనేనని టీచరుకి గర్వం. ఆ ఘనత చూపించుకుందామనే సోమవారం పూట పెద్ద టీచరును పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

పెద్ద టీచరు లేచి వెళ్ళిపోయింది. టీచరుకి తల కొట్టేసినట్టయింది.

“చాల్లే, ఇక కుళాయి కట్టెయ్!” అని బొద్దుగాణ్ణి కసిరి, పిచ్చుకను కుర్చీ మీంచి దింపింది. “ఎక్కడ నేర్చావే ఈ మాటలు?”

పిచ్చుక ఆవిడ మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ పిల్లకది అలవాటు. ఎవరు మాట్లాడినా అలాగే చూస్తుంది.

“గుడ్లప్పగించి చూడకు. ఇంట్లో ఎవరంటారు ఇలా? అమ్మా? నాన్నా?”

పిచ్చుక తల దించుకుంది. ఎంత గుచ్చి అడిగినా నోరు విప్పలేదు.

మర్నాడు ఇంకో విడ్డూరం. పిల్లలు గోల చేస్తుంటే పిచ్చుక “నిశ్శబ్దం” అనలేదు. వెళ్ళి లైటు స్విచ్చి టపటపా వేసి ఆర్పింది. అప్పటికీ వినకపోతే కాలితో నేలను దబదబా తన్నింది.

“ఏమిటా కోతి చేష్టలు?”

“మా ఇంట్లో ఇలాగే పిలుస్తాం టీచర్.”

“బాగానే ఉంది సంబడం!” అనుకుంది టీచరు. మనిషిని పేరు పెట్టి పిలిచే మర్యాద కూడా లేని కొంపన్నమాట. మొక్కగా ఉన్నప్పుడు వంచనిది మానై వంగుతుందా? తను ఇక్కడ ఎంత మొత్తుకుని ఏం లాభం?

ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. కాసేపటికి ‘చెప్పండి మేడమ్’ అని మెసేజ్ వచ్చింది. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడానికి కూడా తీరిక లేదు కాబోలు మహారాణికి! మీటింగులకు వచ్చినా అంతే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చివరి బెంచీలో కూర్చుని, ఒక్క ముక్క మాట్లాడకుండా దణ్ణం పెట్టి పోతారు.

బొద్దుగాడి తండ్రి ఊరుకోలేదు. గురువారం నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు. ఆయన వెళ్ళాక టీచరుకు పిలుపొచ్చింది.

“ఆ పిల్లను ఇలాగే వదిలేస్తే మిగతావాళ్ళూ పాడవుతారు. తల్లిదండ్రులతో మాట్లాడండి. ఇంట్లో తీరు మార్చుకుంటామని ఒప్పుకుంటే సరే, లేకపోతే పిల్లను వేరే బడిలో వేసుకోమని చెప్పేద్దాం.”

టీచరు సిగ్గుతో చచ్చిపోయింది. తను పెంచిన మొక్కకు తనే నీళ్ళు ఆపాల్సి వస్తోందని బాధ కూడా కలిగింది. బాధ కంటే సిగ్గే ఎక్కువ.

పిచ్చుకను బడిలో చేర్పించిందీ, తీసుకెళ్ళడానికి రోజూ వచ్చేదీ పిన్నే. టీచరు ఆమెను గేటు దగ్గరే ఆపింది.

“రేపు వాళ్ళిద్దరూ రావాలి. మీరొద్దు. మధ్యలో రాయబారాలొద్దు.”

“అది కాదు మేడమ్, మా అక్కా బావా...”

“సాకులు చెప్పకండి. కన్నవాళ్ళతోనే నేను తేల్చుకుంటా.”

శుక్రవారం బడి వదిలాక వచ్చారు. శుభ్రమైన ఇస్త్రీ బట్టల్లో ఇద్దరూ పెద్ద టీచరు గదిలో నిలబడ్డారు. మధ్యలో పిచ్చుక. టీచరు వాళ్ళ దణ్ణం అందుకోకుండానే మొదలుపెట్టింది.

“కంటే సరా అండీ? పిల్లకి మంచి మాట నేర్పక్కర్లేదా? ఇంట్లో ఆ మాటలేమిటి? తలకాయలో మట్టా? గోడకి చెప్పుకోవడం నయమా? పసిపిల్ల నోట రావలసిన మాటలేనా? మీ పుణ్యమా అని నేను అందరి ముందూ తలెత్తుకోలేకపోతున్నా!”

వాళ్ళు ఆవిడ మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి. నోరు మాత్రం కదల్లేదు.

“ఏమండీ, అడుగుతుంటే బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడతారేం? ఎవరు నేర్పారీ మాటలు?”

పిచ్చుక తల్లి కొంగు లాగింది. తల్లి తన వైపు తిరగ్గానే గబగబా చేతులు కదిపింది. వేళ్ళు తిప్పింది, నుదురు తాకింది, గోడను చూపించింది.

“ఏం చేస్తున్నావే?”

“మీరు తిట్టినవి అమ్మకి చెప్తున్నా టీచర్. అమ్మకీ నాన్నకీ వినబడదు. మాటలు కూడా రావు.”

తల్లి నెమ్మదిగా చేతులతో ఏదో అడిగింది. పిచ్చుక తల దించుకుంది. తండ్రి వంగి, గడ్డం పట్టుకుని ఆ చిన్న మొహాన్ని పైకెత్తాడు. మళ్ళీ అదే ప్రశ్న.

“అమ్మ ఏమంటోందమ్మా?” పెద్ద టీచరు గొంతు తగ్గించి అడిగింది.

“‘మేం నేర్పలేం కదా, మరి ఎవరు నేర్పారు?’ అని అడుగుతోంది.”

పిచ్చుక చేతులు రెండూ వెనక్కి దాచుకుని టీచరు వైపు చూసింది.

“మీరని చెప్పలేదు టీచర్.”