ఫ్యామిలీ వీసా రాణి

"ఆ రాణి వేషం వెయ్యడానికి వీల్లేదు. ఖలాస్!"

ఆదిశేషు కాగితాన్ని టీవీ రిమోట్ కింద తొక్కిపెట్టాడు. బడివాళ్లిచ్చిన అనుమతి పత్రం అది. ఉమ్ అల్ క్వైన్‌లో నాటక పోటీకి పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఇంటినుంచి సంతకం కావాలి. రేపే ఆఖరు. సంతకం పడకపోతే శ్రీసుధ వేషం ఇంకో పిల్లకి పోతుంది.

"రెండు నెలలు రిహార్సల్ చేశాను నాన్నా!"

"అసలెవరే ఆవిడ?"

"ఒలింపియాస్. అలెగ్జాండర్ వాళ్లమ్మ. ఎపిరస్ నుంచి మాసిడోనియాకి కోడలిగా వచ్చింది. కొడుకు యుద్ధాలకి వెళ్తే, వెనక రాజ్యం చూసే యాంటీపేటర్‌కి అడుగడుగునా అడ్డుపడేది. అతని మీద కొడుక్కి ఉత్తరాలు రాసేది."

ఎనిమిదేళ్లుగా దుబాయ్ పక్కన రోలాలో ఉంటున్న ఆదిశేషుకి లోకమంతా దుబాయ్ మాటల్లోనే అర్థమవుతుంది.

"అంటే అలెగ్జాండర్ కఫీల్, పూచీదారు. వీసాలన్నీ ఆయన పేరు మీదే. యాంటీపేటర్ ముదీర్, ఆఫీసు నడిపేవాడు. మరి ఈవిడో?"

శ్రీసుధ నోరు తెరిచేలోపే తనే చెప్పేశాడు.

"ఫ్యామిలీ వీసా! పెట్టె పట్టుకుని వచ్చి దిగింది. తిండి వాళ్లది, గూడు వాళ్లది. పెత్తనం మాత్రం ఈవిడది! సిగ్గుండాలి. ఫ్యామిలీ వీసా మీదొచ్చినవాళ్లు ఏసీ కింద కూర్చుని టీ తాగాలి, అంతే. ఏదీ, టీ పెట్టావా?"

పెట్టింది. ఆదిశేషు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. మధ్యాహ్నం నుంచి ఇది మూడోది.

"యాంటీపేటర్ కూడా చచ్చేముందు నీలాగే అన్నాడట నాన్నా. ఆడదాన్ని ఎన్నడూ ఏలనివ్వకండి అని."

"మగాడంటే వాడు!" ఆదిశేషు తొడ చరిచాడు. "నువ్వు యాంటీపేటర్ వెయ్యి. నేనే దగ్గరుండి మీసాలు అంటిస్తా."

శ్రీసుధ పెదవి కొరుక్కుంది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాడు. ప్రాణం కాస్త చల్లబడింది.

తలుపు తాళం తిరిగింది. మణి డ్యూటీ దిగి లోపలికొచ్చి గోడ పట్టుకుని తెల్లబూట్లు విప్పింది.

"ఏమిటండీ గొడవ? లిఫ్టు దాకా వినిపిస్తోంది."

"నీ కూతురు మహారాణి అవుతుందట! పరాయి చోటికొచ్చి పెత్తనం చేసే రకం. నేను వద్దన్నాను. ఈ ఇంట్లో నా మాట దాటి..."

"కాగితం ఏదే?"

శ్రీసుధ రిమోట్ కింద నుంచి లాగి ఇచ్చింది. మణి రెండువైపులా చదివి, బ్యాగులోంచి పెన్ను తీసింది.

"వద్దని ఒకపక్క చెబుతుంటే!" ఆదిశేషు విసురుగా లేచాడు. లుంగీ జారబోతే పట్టుకున్నాడు.

'కఫీల్ సంతకం' అని ఉన్నచోట మణి తన పేరు రాసి, "అన్నట్టు, మీ వీసా కూడా వచ్చేవారంతో అయిపోతోంది, రెండు ఫొటోలు తీయించుకుని ఇస్తే దానిమీదా సంతకం పెట్టేస్తాను," అంది.