సున్నా పడ్డ రోజు

తుని దాటాక హైవే పక్కనున్న అమ్మాజీ టిఫిన్ హోటల్లో పెసలు ఎన్ని నానబోయాలో చెప్పేది గోడమీది తెరే. విశాఖకూ రాజమండ్రికీ మధ్య తిరిగే టూరిస్టులందర్నీ ఎక్కడో కంప్యూటర్లో ముందే ఓసారి బొమ్మల్లా నడిపించి చూసి, రేపు ఎవరు ఎక్కడ ఆగుతారో ఆ తెరమీద పెడతారు. మూడేళ్లలో ఒక్క అట్టు తేడా రాలేదు. అమ్మాజీకి అదే మింగుడుపడదు.

ఆ సాయంత్రం తెరమీద సున్నా పడింది.

"రేపెవరూ రారంట. పెసలు ముట్టుకోకు," అన్నాడు మొగుడు సూరిబాబు.

"జనం వస్తారని వాళ్లు రాస్తున్నారా, వాళ్లు రాశారని జనం వస్తున్నారా?" అంటూ ఆవిడ పంతానికి రెండు కేజీలు నానబోసింది.

పొద్దున్నించీ కార్లు ఆగకుండా పోతూనే ఉన్నాయి. పదింటికి ఒక్కటి ఆగింది. నీటుగా టక్ చేసుకున్న ఒకాయన దిగి పెసరట్టు అడిగాడు.

"చూశారా, సున్నా అన్నారుగా!" అని మొగుడి మీద ఎగిరింది అమ్మాజీ.

ఆయన రెండో అట్టు పూర్తిచేసి అన్నాడు, "నేను టూరిస్టుని కాదండీ. ఆ తెర పెట్టిన ఆఫీసు మనిషిని. సున్నా చూసినా మీరు నమ్మకుండా పెసలు నానబోస్తారని మా కంప్యూటర్లో వచ్చింది. చూసి రమ్మన్నారు."

"ఎన్ని కేజీలని వచ్చింది?"

"రెండండీ."

ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. గరిటెడు పిండి తీసి, "ఇంకోటి వెయ్యనా బాబుగారూ?" అంది.

ఆయన పెనం వంక ఆశగా చూశాడు. తర్వాత ఎడంచేత్తో ఫోన్ తీసి చూసుకున్నాడు.

"వద్దండీ. రెండే తింటానని ఉంది."