అక్క నిద్ర బాకీ

అడగని నిజం చెప్పకపోతే అది అబద్ధమవుతుందా?

ఇళ్ళ బ్రోకరును ఈ అనుమానం ఏళ్ళ తరబడి వేధిస్తోంది. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణే అడిగేవాడు. ఈ విషయంలో దేవుడు కూడా బ్రోకరులాగే నోరు విప్పలేదు.

అనుమానానికి మూలం అక్క ఇల్లు. ఊరి చివర కొత్త కాలనీలో ఉంది. విశాలమైన వీధి, నాలుగు వైపులా గాలి. "కళ్ళు మూసుకుని కొనెయ్యక్కా" అని చెప్పింది ఈ తమ్ముడే. చెప్పేముందు తను ఒక్కసారే చూశాడు. అదీ మిట్టమధ్యాహ్నం. వెనక గోడ అవతల ఖాళీ షెడ్లు కనిపిస్తే పాతబడిన గోదాములనుకున్నాడు.

అవి కూరగాయల టోకు మార్కెట్టువని అక్క సామాను దింపుకున్న రాత్రే తెలిసింది. తొమ్మిదింటికి మొదలవుతుంది. లారీల హారన్లు, హమాలీల కేకలు, వేలంపాటలు. తెల్లారేసరికి అక్కడ ఈగ కూడా ఉండదు.

"కళ్ళు మూసుకుని కొనమన్నావు, కొన్నాను. ఇప్పుడు అవి మూతపడడం లేదురా," అంది అక్క.

అప్పటినుంచీ చీకటి పడితే చాలు, దిండు చంకన పెట్టుకుని తమ్ముడింటికి వచ్చేస్తుంది. ముందుగదిలో పడుకుని, తెల్లారాక సొంతింటికి వెళ్తుంది. బ్రోకరు భార్యకు ఆడపడుచంటే ప్రేమే. ఆవిడ గురకతోనే పేచీ. "వదిన మార్కెట్టును వదిలేసి వచ్చింది గానీ, ఒక లారీని వెంట తెచ్చుకుంది," అని ఓసారి మొగుడి చెవిలో వేసింది.

అక్కకీ ఈ రాకపోకలు విసుగే. "నువ్వు నాకు నిద్ర బాకీరా. ఆ ఇల్లు నువ్వే అమ్మిపెట్టు," అని వారానికోసారి గుర్తుచేసేది. తమ్ముడి వీధిలోనే రెండు గదుల ఇల్లొకటి చూసిపెట్టుకుంది కూడా. ఇది అమ్ముడైతేనే అది కొనగలదు.

కొనడానికి చాలామందే వచ్చారు. వచ్చినవాళ్ళు పక్కింట్లో ఓ మాట వాకబు చేసేవారు. అంతే, ఆ తర్వాత ఫోను కూడా ఎత్తేవారు కాదు.

అలాంటి సమయంలో దొరికారు ఈ దంపతులు. నడివయసు, నవ్వు మొహాలు. ముందు గుట్ట మీది కాలనీకి తీసుకెళ్ళాడు. చల్లటి గాలి, ఎదురుగా మంచి బడి.

"బడి ఉందా, అయితే వద్దండీ," అందామె.

పిల్లలు లేని దిగులేమోనని బ్రోకరు గుచ్చి అడగలేదు. పిల్లలాడుకునే పార్కు పక్కన ఇంకొకటి చూపించాడు. ఆయన గేటు దగ్గరే తల అడ్డంగా ఊపాడు.

ఇక మిగిలింది అక్క ఇల్లే. మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళాడు. ఆ వేళను ఎంచుకున్నది బ్రోకరు కాదు, వాళ్ళే.

ఇల్లు చూసే పద్ధతే వాళ్ళకు తెలియదనిపించింది. బస్సు ఎంత దూరమని అడగలేదు. వాననీళ్ళు ఎటు పోతాయని అడగలేదు. పక్కింటి తలుపు తట్టలేదు. ఆమె పడగ్గది కిటికీ మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఆయన ఏకంగా గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏంటండీ అది, ఉతికిన చొక్కా," అంది భార్య.

"ఇల్లు నుంచుని చూడకూడదే, పడుకుని చూడాలి," అన్నాడాయన కళ్ళు మూసుకుని. కాసేపటికి సన్నగా గురక వినిపించింది.

"లేవండి, ఇంకా మనది కాలేదు," అని ఆమె భుజం పట్టి కుదిపింది.

మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ప్రతిసారీ మధ్యాహ్నమే. బేరం కూడా పెద్దగా ఆడకుండా ఒప్పేసుకున్నారు.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. కానీ బ్రోకరుకు ఆ కాలే ముందుకు పడడం లేదు. తను చేసిన పొరపాటే వీళ్ళూ చేస్తున్నారు. తను నోరు మూసుకుంటే అక్కకు నిద్ర పడుతుంది, వీళ్ళకు పోతుంది.

సంతకాల రోజు అందరూ బ్రోకరు ఆఫీసులో కూర్చున్నారు. కొనబోయే ఆయన కలం మూత తీశాడు.

"ఆగండి," అన్నాడు బ్రోకరు. "మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ వెనకున్నవి గోదాములు కావండీ. కూరగాయల మార్కెట్టు. రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లారేదాకా ఒకటే గోల. మనిషన్నవాడు కన్ను మూయలేడు. కావాలంటే మా అక్కనడగండి."

అక్క నిట్టూర్చింది. "నిజమేనండీ. ఆ ఇంట్లో నా మంచముంది, దిండు మాత్రం వీళ్ళింట్లో ఉంటుంది."

దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె నవ్వాపుకుంది. ఆయన తల వంచి సంతకం పెట్టేశాడు.

బ్రోకరుకు ఏమీ అర్థం కాలేదు. అయినా మనసు దూదిపింజలా తేలికైంది. "నీ నిద్ర బాకీ తీరిందక్కా," అన్నాడు మెల్లగా.

"తీరింది గానీ, పాపం వాళ్ళకు చెముడేమోరా. ఇంకోసారి గట్టిగా చెప్పు," అని గొణిగింది అక్క.

బ్రోకరు గొంతు పెంచాడు. "పోనీ ఇవాళ రాత్రికి ఒక్కసారి వెళ్ళి ఆ గోలేదో విని రండి. అప్పుడే తాళాలు తీసుకుందురు గాని."

"రాత్రి ఎక్కడ కుదురుతుందండీ," అందామె తాళాల కోసం చెయ్యి చాస్తూ, "చీకటి పడితే మేమిద్దరం బేకరీలో రొట్టెలు కాలుస్తుంటాం, ఇంటికొచ్చి పడుకునేది తెల్లారాకే."