ఫ్యాక్టరీ తయారుచేయని గొంతు

రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో చక్రధర్ ఒక్కడే మిగిలాడు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు ఫోన్ చేసి క్షేమం కనుక్కునే కంప్యూటర్ ప్రోగ్రామ్ అతనిది. అందులో ఫ్యాక్టరీ అనే భాగం ప్రతి కాల్‌కూ ఒక కొత్త గొంతును తయారుచేసి ఇస్తుంది. కాల్ అయిపోగానే ఆ గొంతు చెరిగిపోతుంది. ఏదో మార్పు చేయడానికి ఆ రాత్రి అతను ఫ్యాక్టరీని ఆపేశాడు.

అయినా తెరమీద ఒక కాల్ నడుస్తూనే ఉంది. హౌగాంగ్‌లో ఉండే శ్యామలాదేవి ఫ్లాట్‌కు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

"మకాన్ అయిందా, శ్యామలా, తిన్నావా?" అంటోంది ఒక మగగొంతు, ఎంతో ఆపేక్షగా. "ఏం కూర చేశావు?"

చక్రధర్ వాల్యూమ్ పెంచాడు. ఆ ప్రోగ్రామ్‌కు కంపెనీవాళ్లు ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం నేర్పారు. తెలుగు నేర్పలేదు.

మైకు నొక్కాడు. "ఆంటీ, నేను కంపెనీ నుంచి చక్రధర్‌ని. మీతో మాట్లాడేది మా సిస్టమ్ కాదు. ఫోన్ పెట్టేయండి, ప్లీజ్."

"సిస్టమ్ అని ఎవరన్నారు తంబీ? మా ఆయనే," అందామె. ఆమె గొంతులో సంతోషం దాగడం లేదు. "పోయి ఆరేళ్లయింది. లిఫ్ట్ దగ్గరున్నాడట, తలుపు తీయమంటున్నాడు."

"తీయకండి ఆంటీ. పోలీసులకు ఫోన్ చేస్తున్నా, అంతవరకూ తీయకండి."

ఆమె ఫోన్ పట్టుకునే నడిచింది. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు, గడియ తీసిన చప్పుడు. ఇనుప గేటు కిర్రుమంది. మగగొంతు ఆగిపోయింది.

చాలాసేపటికి ఆమె మాట వినబడింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

"వచ్చింది మా ఆయన కాదు, తంబీ."